కట్టెకాలికి పసుపు

మా వదిన పోయిన మంగళవారం కన్నుమూసింది. పురసవాక్కంలో మా వీధివాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకోసం రాస్తున్నాను. నాది నాలుగో క్లాసు చదువు. తప్పులుంటే ఆవిడ మీదికి తోసెయ్యండి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను చేసిందదే.

శుక్రవారం పేరంటాళ్ళు వస్తే ఒకరి కాళ్ళకి ఒకరు పసుపు రాసుకోవడం మా ఇంటి అలవాటు. ఒక శుక్రవారం వదిన కుడికాలు మాత్రమే చాపి, ఎడమకాలు చీరకింద దాచుకుంది.

"ఏం వదినా, ఎడమకాలు మడి కట్టుకునిందా?" అన్నాను.

"నీ నోరు పడ. ఆడికి పోయి కూచో," అంది. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

మర్నాడు మా అన్న ఆ కాలు పట్టుకుని చూశాడు. మడమ అంచున నేరేడుపండు రంగు మచ్చ. అంచులు చెదిరి, మధ్యలో చెమ్మ. ముల్లు గుచ్చుకుందనుకుని ఏడాదిగా పసుపు అద్దుతోంది. పైన పారాణి పెడుతోంది. ఎవరికి కనబడుతుంది?

ఆసుపత్రిలో డాక్టరు మచ్చ చూశాడు, గజ్జల్లో నొక్కి చూశాడు. చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద చూడ్డానికి పంపారు.

"ఇది పుట్టుమచ్చ కాదమ్మా, క్యాన్సరు," అన్నాడు తర్వాత. "మందుకి లొంగదు. మోకాలి కింద తీసెయ్యాల. పైకి పాకిందో లేదో ఇప్పుడే చెప్పలేను."

వదిన నావైపు తిరిగి, "ఏం మరిదీ, ఇప్పుడు ఎగతాళి లేదా?" అంది.

"కాలు పోతే పసుపు యాడ రాసుకునేది?" అని డాక్టర్నే అడిగింది.

"ఇంకో కాలుండాది కదమ్మా. దానికి రాసుకునేదానికి మీరుండాలనే చెప్తా ఉండా," అన్నాడాయన.

కట్టెకాలు వచ్చింది. శుక్రవారాలు దానికీ పసుపు రాసేది.

"కట్టెకి పసుపేంది వదినా?"

"అదీ నన్ను మోస్తా ఉండాది కదా."

ఇక ఇంటికొచ్చినవాళ్ళెవరైనా అరికాళ్ళు చూపించి కూచోవలసిందే. కూరగాయలమ్మే ఆమెనీ వదల్లేదు. "నల్లగా పెరిగేదాన్ని పసుపుతో కప్పబాకండి," అనేది.

రెండేళ్ళకి స్నానం చేస్తుంటే గజ్జల్లో ఉండ చేతికి తగిలింది. ఈసారి దాచలేదు, ఆ పూటే చెప్పింది. దాన్నీ కోసి తీశారు. ఆ తర్వాత దగ్గు మొదలైంది. ఊపిరితిత్తులకి పాకిందన్నాడు డాక్టరు.

శ్మశానానికి తీసుకెళ్ళేముందు వదినకి ఉన్న కాలికి పసుపు రాశారు. కట్టెకాలు తలుపు వెనక మిగిలిపోయింది.

నిన్న శుక్రవారం. మా అన్న పసుపుగిన్నె పట్టుకుని దానిముందు కూచున్నాడు. నేను పక్కన చేరాను.

"నీ కాలు ఇట్టా చాపు," అన్నాడు.

నా మడమ దగ్గర నల్లటి చుక్క. ఆయన పసుపువేలు దానిమీద ఆగింది. తడిగుడ్డతో తుడిచాడు. మురికే, పోయింది. అయినా ఆయన తుడుస్తూనే ఉన్నాడు. నేను కాలు వెనక్కి తీసుకోలేదు.