పదిహేడో నంబరు నల్లమద్ది

ఆ రోజుల్లో నా అంత మొండిదాన్ని దేవుడు మళ్లీ పుట్టించలేదని మా అమ్మ అనేది. నిజమే కాబోలు! లేకపోతే తెలంగాణ ఉద్యమంతో బస్సులన్నీ ఆగిపోయిన వేళ, సిరిసిల్ల పిల్లను, జగిత్యాల గుట్టల్లో చెట్ల నడుములు కొలుస్తూ ఎందుకు తిరుగుతాను? (మా బాపు మరమగ్గాల దగ్గర బట్ట కొలిచేవాడు, నేను చెట్లు కొలిచాను. మా ఇంటిని టేపు వదల్లేదు.) దేశంలో అడవులు ఎంత కార్బన్ దాచుకున్నాయో, ఎంత గాలిలోకి వదిలాయో లెక్కగట్టే సర్వే అది. పాత సర్వేలో ప్లాట్లుగా గుర్తించిన అడవి ముక్కల్లో, పసుపు రంగుతో నంబర్లు వేసిన చెట్లనే వెతికి మళ్లీ కొలవాలి. "ఒక్క చెట్టు జాడ తెలియకపోయినా ఆ ప్లాటు రద్దు, నీ కాంట్రాక్టూ రద్దు" అని మా సారు ముందే చెప్పారు.

సరిగ్గా పదిహేడో నంబరు నల్లమద్ది లేదు! నరికిన మొదలు మాత్రం పచ్చిగా కనిపిస్తోంది. నాకు తోడొచ్చిన అడవి వాచర్ తాత, "పోనియ్ బిడ్డా, లేదని రాయి" అన్నాడు. నేను వింటేనా! తలుపుగా మారితే కార్బన్ ఇంకా అందులోనే ఉన్నట్టు, కాలితే గాలిలో కలిసినట్టు. "తలుపైతే తలుపు సూపియ్యి తాతా, బొగ్గైతే బొగ్గు సూపియ్యి" అని ఆయన మోపెడ్ ఎక్కి కూర్చున్నాను. జగిత్యాల కట్టె కోతమిషన్ల దగ్గర అడిగితే లేదన్నారు. కోరుట్లలో ఒక వడ్రంగి, "మమ్మల్ని పట్టుకోను అచ్చినవా?" అని కసిరాడు.

తిరిగొస్తుంటే రోడ్డు మీద వంటావార్పు. రాష్ట్రం కోసం రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి ఊరంతా వండుకుంటోంది. చెట్టు సంగతి అడగబోతే, గరిటె పట్టుకున్న అక్క, "ముందుగాల తిను, తర్వాత అడుగు" అని కూర్చోబెట్టింది. టమాట పప్పుతో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాక చూద్దును కదా, పొయ్యిలో సగం కాలిన దుంగ మీద పసుపు రంగు పదిహేడు!

"గా దుంగనా? మా పోరగాండ్లు నరికి రోడ్డుకు అడ్డం ఏసిండ్రు. పోలీసులు పక్కకు గుంజిండ్రు. మేం పొయ్యిల పెట్టినం" అంది అక్క, పొగకు కళ్లు తుడుచుకుంటూ. నేను గబుక్కున టేపు తీశాను. "జర మంట తగ్గియ్యి అక్కా, కొలుస్త!"

"ఇంతమందికి అన్నం ఉడుకుతాంటే నీ టేపు కోసం మంట తగ్గియ్యాల్నా?"

"నా నౌకరి పోతది అక్కా!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మాకు రాష్ట్రం గావాలె, నీకు కట్టె గావాలె. ఇద్దరం ఇడిసేటోళ్లం కాదు పో" అని నవ్వి, దుంగను బయటికి లాగింది.

ఫారంలో "కాలిపోయింది" అని రాశాను. "ఆధారం?" అన్నచోట, ఉన్నమాటే కదా, "ఆ మంట మీద వండిన అన్నం తిన్నాను" అని రాశాను. అది చదివి సారు ఫోను చేశారు. ఒకటే నవ్వు. ప్లాటూ నిలిచింది, నౌకరీ నిలిచింది.

అక్క కోరిన రాష్ట్రమూ వచ్చింది. నేనిప్పుడు ఏసీ గదిలో మేడంని. మొన్న ఒక కొత్త పిల్ల ఫోన్ చేసి, "మేడం, ఒక చెట్టు కనబడ్తలేదు, ఇంకా ఎతుకాల్నా?" అంది. "ఎండలో ఎందుకమ్మా, లేదని రాసేయ్" అన్నాను. "లేదు మేడం, ఊర్లె ఒకసారి అడిగి అస్త" అంది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. "పో బిడ్డా. ముందుగాల ఏమన్న తిను" అన్నాను.