మూడోసారి తాకితే మనిషి

అతనికీ నాకూ మొదటి రోజే పడలేదు. కారణాలు మూడు చెప్పగలను. ఒకటి, నేను పాంటు వేసుకుని రేవులోకి వెళ్లాను. రెండు, అతని పేరైనా అడగకుండా పని పురమాయించాను. మూడోదే అసలు కారణం. వంశధారలో ఇంజను ముంచినవాణ్ణి నేను. దాన్ని తీయగలిగినవాడు అతను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన ఆరు నెలలకి నరసన్నపేటలో ఒక షావుకారు నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఆయన బియ్యం మిల్లు కడుతున్నాడు. కొత్త ఇంజన్లు దొరకని కాలం కాబట్టి ఎక్కడో మూతపడిన నూనె మిల్లు నుంచి పాత ఆయిలింజను కొన్నాడు. రైలు దింపి, బళ్ల మీద రేవు దాకా తెచ్చాం. అక్కడ రెండు పడవలు జోడించి కట్టిన బల్లకట్టు మీద ఏరు దాటించాలి. బరువెంత, ఎక్కడ పెట్టాలి, ఎన్ని కట్లు వేయాలి, అన్నీ కాగితం మీద వేశాను. పడవవాళ్లు ఇంజనునీ, దాని ఫ్లైవీలునీ రెండు ఖేపులుగా తీసుకుపోదామన్నారు. ఒక ఖేపు చాలన్నాను. అవతలి ఒడ్డు ఇరవై గజాల్లోకి వచ్చాక బల్లకట్టు ఒరిగింది. ఇంజను ముందు, ఫ్లైవీలు వెనక, రెండూ మడుగులోకి జారిపోయాయి. మనుషులం ఈదుకుంటూ ఒడ్డెక్కాం.

సాయంత్రానికి షావుకారు వచ్చాడు. నీళ్ల వైపు చూసి, నా వైపు చూసి, "ఏటి నాయనా, నీ పుస్తకంలో పడవ మునుగుతాదని రాయనేదా?" అన్నాడు. రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వు అయ్యాక ఆయన నవ్వకుండా చెప్పాడు. "ఎగువన వానలు పడతన్నాయి. ఏరు వచ్చీలోగా ఇంజను ఒడ్డున ఉండాల. నేదంటే నువ్వు మిల్లుకి రానక్కర్నేదు."

రామతీర్థం పక్కన మా పల్లెలో నాగలి పట్టకుండా చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగం పోగొట్టుకుని తిరిగి వెళితే మా అన్నలు ఏమేమంటారో, ఎవరి తర్వాత ఎవరంటారో కూడా నాకు తెలుసు.

షావుకారు కబురు పెడితే భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకడు నలభై ఏళ్లవాడు, నల్లగా, బక్కగా ఉన్నాడు. రాళ్లలో చిక్కిన వలలనీ లంగర్లనీ మునిగి విడిపించడం అతని బతుకు. రెండోవాడు అతని బామ్మర్ది. ఎక్కడికి పోయినా ఇద్దరూ జతగానే మునుగుతారట.

బామ్మర్దిని ఒడ్డునే ఉండమన్నాను. గొలుసు ఇంజను అడుగు దిమ్మ కిందనుంచే చుట్టుకోవాలి. పంపు మీద పడితే పంపు విరుగుతుంది, గొట్టాల మీద పడితే గొట్టాలు నలుగుతాయి. ఎక్కడ ఏముందో తెలిసినవాణ్ణి నేను. చంపావతిలో ఈత నేర్చినవాణ్ణి, రెండు నిలువుల లోతు నాకూ చేతనవును అన్నాను.

"గుంటడు మునుగుతాడంటరా," అన్నాడు అతను బామ్మర్దితో, నేను అక్కడ లేనట్టు. "ముందు ఆ పాంటు ఇప్పుతాడో నేదో సూడు."

నేను పాంటు విప్పి, కాగితం తీసి చదివాను. నీరు అప్పటికే ఎర్రబడింది. లోపల అరచెయ్యి ముఖానికి ఆనించుకున్నా కనిపించదు. కాబట్టి మాటలన్నీ తాకుడుతోనే నడవాలి. ఒకసారి తడితే ఆగు. రెండుసార్లు తడితే నేను సిద్ధం. మూడుసార్లు తడితే గొలుసు పడింది, లాగించు. లాగించడానికి నా మణికట్టుకి ఒక సన్నతాడు కట్టాం. దాని రెండో కొస ఒడ్డున బామ్మర్ది చేతిలో ఉంటుంది. నేను గుంజగానే అతను కేక వేస్తాడు, ఇరవై మంది గొలుసుకి కట్టిన మోకు పట్టి లాగుతారు.

అతను అంతా విన్నాడు. నోట్లో చుట్ట తీసి ఇసుకలో గుచ్చి నీళ్లలోకి దిగిపోయాడు. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

ఇంజను పక్కకి పడి సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. అతను అటువైపు చేతులతో ఇసుక తవ్వి, దిమ్మ కిందనుంచి గొలుసు తోయాలి. నేను ఇటువైపు అందుకుని కొక్కెం తగిలించాలి. ఇంజను మీదుగా చెయ్యి చాపితే ఒకరికొకరం అందుతాం. మూడో మునకలో గొలుసు లింకు నా వేళ్ల మీదికి వచ్చింది. అతని చేతి మీద ఒకసారి తట్టాను. ఆగలేదు. రెండుసార్లు తట్టాను. అతను తోస్తూనే ఉన్నాడు. వేళ్లు లాక్కుని పైకి వచ్చి, ఒడ్డు వైపు మెడలోతు నీళ్లలోకి ఈదాను. అతను తీరిగ్గా, తన ఊపిరి అయ్యాకనే వచ్చాడు.

"నీకు తోలు మొద్దుబారిందా?" అన్నాను. "తడితే ఆగమన్నానా లేదా?"

"ఒకటి సేపది బాబూ," అన్నాడు అతను ముఖం తుడుచుకుంటూ. "రెండు నీటిది. మూడోసారి తాకితే మనిసి. మా తాతల కాడ్నుంచీ అదే లెక్క. సేపకీ నీటికీ తల తిప్పుకుంటా కూకుంటే ఊపిరేటి సాలుతాది?"

"ఇది మీ తాతల సముద్రం కాదు. కాగితంలో ఉన్నట్టే చెయ్యి."

"అయితే ఆ కాగితం నీట్లోకి తే. అదీ నానూ మాటాడుకుంతాం."

మోకు దగ్గర ఉన్న ఇరవై మందీ నవ్వారు. బామ్మర్ది నవ్వలేదు. "బావా, ఆ బాబు లెక్కే ఎట్టుకో. ఒక పూట పనే కదా," అన్నాడు.

"పానం ఉన్నకాడ లెక్క మార్సుకుంతార్రా ఎవులైనా?"

అతను చెప్పింది సరైన మాట. బురదనీటిలో ఏదైనా ఒకసారి తగులుతుంది, ప్రవాహం రెండోసారి తగిలిస్తుంది, వరసగా మూడుసార్లు తాకేది మనిషొక్కడే. నా జాబితాలో ఆ తేడాకి చోటు లేదు. ఇది ఇప్పుడు రాస్తూ తెలుసుకున్నది కాదు, మెడలోతు నీళ్లలో నిలబడి ఉండగానే తెలుసు. మార్చడానికి ఒక్క నిమిషం పట్టేది. మూడు తాకులు పిలుపుగా ఉంచుకుని, లాగించడానికి వేరే సైగ పెట్టుకుంటే సరిపోయేది. కానీ ఇరవై మంది నవ్వాక మార్చడం నావల్ల కాలేదు. "కాగితంలో ఉన్నట్టే," అని మళ్లీ అన్నాను. అతను నీళ్లు పుక్కిలించి నా పక్కన ఉమ్మాడు.

ఏడో మునకలో గొలుసు కొస నా చేతికి వచ్చింది. కొక్కెం తగిలించాను. బిగువు చూసుకున్నాను. అప్పుడు ఇంజను మీదుగా అతని చెయ్యి వచ్చి నా భుజం మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. గట్టిగా, తొందర తొందరగా.

నా కాగితం ప్రకారం దానర్థం లాగించమని. అతని లెక్క ప్రకారం, ఇది చేపా కాదు నీరూ కాదు, నేను, నా వైపు చూడు అని.

నాకు మొదటిదొక్కటే గుర్తొచ్చిందని ఆ తర్వాత షావుకారుతో చెప్పాను, మా అన్నలతో చెప్పాను. అబద్ధం. రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి. నాకింకా ఊపిరి ఉంది. చెయ్యి చాపి అతని రెండో చెయ్యి ఎక్కడుందో తడిమి ఉంటే సరిపోయేది. ఆ చెయ్యి గొలుసుకీ దిమ్మకీ మధ్య ఇరుక్కుని ఉంది. నీ లెక్క నా దగ్గర చెల్లదని అతనికి చెప్పాలని పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాను. తాడు గుంజాను.

గొలుసు బిగిసింది. ఇంజను ఇసుకలో గరగరమంటూ కదిలింది. నా భుజం మీది చెయ్యి భుజాన్ని పిసికి పట్టుకుంది. ఆ పట్టుతో నాకంతా అర్థమైంది. అప్పుడు చూసుకుంటే, లాగేవాళ్లని ఆపడానికి నా జాబితాలో సైగే లేదు. అతని పట్టు విడిపించుకుని పైకి వచ్చి అరిచాను. ఐలెస్సా కేకల్లో నా అరుపు వినబడలేదు. మోకు ఇంకో గజం వెళ్లాక బామ్మర్ది నన్ను చూసి లాగుడు ఆపించాడు. ఇంజను దొర్లడం వల్లనే నీళ్లలో అతని చెయ్యి గొలుసు కిందనుంచి బయటపడింది. పైకి వచ్చేసరికి ఎడమచేతి చివరి రెండు వేళ్లూ చితికిపోయి ఉన్నాయి.

బామ్మర్ది తలగుడ్డ చింపి కట్టు కట్టాడు.

"మూడు కొట్టినాను," అన్నాడు అతను నాతో.

"మూడంటే లాగించమని కదా."

అతను నా ముఖంలోకి చూశాడు. "నీకు తెల్దా?" అన్నాడు.

లాగుడు చూడ్డానికి రేవుకి వచ్చిన షావుకారు అందుకున్నాడు. "సదువుకున్నోడు సెప్పినట్టు సెయ్యాల మరి. ఇనకపోతే తప్పు నీదే," అన్నాడు అతనితో. ఆ వారంలో ఒకరు నా పక్షాన మాట్లాడడం అదే మొదటిసారి. నేను కాదనలేదు.

పొద్దు వాలకముందే ఇంజను ఒడ్డెక్కింది. పంపు విరగలేదు, గొట్టాలు నలగలేదు. చికాకోలు ఆసుపత్రిలో అతని వేళ్లు రెండూ తీసేశారు.

ఫ్లైవీలు ఇంకా మడుగులోనే ఉంది. మూడో రోజుకి ఏరు జానెడు పెరిగింది. ఆ ఉదయం అతను మళ్లీ రేవుకి వచ్చాడు, చేతికి కట్టుతో, బామ్మర్దితో, తమ ఊరి మనిషిని ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని. నేను అప్పటికే బట్టలు విప్పి తాడు మణికట్టుకి చుట్టుకుంటున్నాను. అతను నా దగ్గరికి వచ్చి కుడిచెయ్యి చాచాడు.

"ఇలా తే."

"ఫ్లైవీలు ఆకుల మధ్య గొలుసు ఎలా వెయ్యాలో వాళ్లకి తెలియదు."

"సక్రానికి ఏ పక్కయినా ఒకటే. నువ్వు దిగకు. నువ్వు దిగితే మావోల్లు దిగరు."

షావుకారు ఏటి వైపు చూశాడు. నీళ్లలో ఎగువనుంచి కొట్టుకొచ్చిన కొమ్మలు పోతున్నాయి. "కూకో నాయనా," అన్నాడు నాతో. మొన్న నా పక్షాన మాట్లాడిన గొంతే.

తాడు విప్పి ఇచ్చాను. అతను ఇసుకలో చతికిలబడి దాన్ని కుడి అరచేతికి చుట్టుకుని, తల వంచుకుని, నీళ్ల వైపు కూడా చూడకుండా ఆ అరచెయ్యినే చూస్తూ కూర్చున్నాడు. వాళ్లిద్దరూ మునిగారు. నేను గొలుసు గురించి ఒక మాట చెప్పబోయాను. "మాటాడకు," అన్నాడు తల ఎత్తకుండా.

నాలుగు మునకలకి పని అయిపోయింది. ఫ్లైవీలు బురద కారుతూ గట్టెక్కింది. వెదురుబొంగులు దూర్చి ఎనిమిది మంది ఎత్తారు. నేను దారికి అడ్డంగా నిలబడి ఉన్నానని వాళ్లలో ఒకడు చెప్పాకనే తెలిసింది.

"తప్పుకో బాబూ," అన్నాడు.

తప్పుకున్నాను.