నా కంటి ప్రెషరూ, మా సంఘం ప్రయాణమూ

కంటి డాక్టరు దగ్గరకు మనిషి ఒక్కడే వెళ్ళవచ్చు. మహా అయితే భార్యను వెంటబెట్టుకుని వెళ్ళవచ్చు. పెళ్ళినాటి కోటు తొడుక్కుని, రైలు పెట్టెలో సగం జనాన్ని వెంటేసుకుని, రేపల్లె నుంచి బాపట్లకు కంటి ప్రెషరు చూపించుకోవడానికి ఊరేగింపుగా వెళ్ళినవాణ్ణి మాత్రం ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి. ఆ రోజు నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఇప్పుడు నేనూ మీతో కలుస్తాను.

నా పేరు యాకోబు. రేపల్లెలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. కొన్నేళ్ళ కిందట నాకు నీటికాసులు ఉన్నాయని తేలింది. అంటే, కంట్లో ప్రెషరు పెరిగి లోపలి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. నొప్పి ఉండదు, గోల ఉండదు, పాలగిన్నె దగ్గరకు పిల్లి వచ్చినట్టు వస్తుంది. పూర్తిగా పోయేది కాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటూ అదుపులో పెట్టుకోవాలి. బాపట్లలో ఒక డాక్టరమ్మ చూసేవారు. మందు వేసుకుంటున్నా, వెళ్ళిన ప్రతిసారీ ప్రెషరు కిందటిసారి కంటే ఎక్కువే ఉండేది.

“మందు సరిగ్గా వేస్తున్నారా మాస్టారూ?” అని అడిగారు ఒకసారి.

“అన్నం మరిచినా మందు మరవడం లేదండి.”

“నిద్ర పడుతోందా?”

“ఈ జబ్బుందని మీరు చెప్పిన దగ్గర్నుంచీ లేదండి.”

ఆవిడ నిట్టూర్చారు. “టెన్షన్ వల్ల ఈ జబ్బు రాలేదు. కానీ టెన్షన్ దీనికి మంచిది కాదు. కాస్త మనసు కుదుటపరచుకుని వచ్చే శుక్రవారం రండి. అప్పుడూ ఇలాగే ఉంటే ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం.”

అయ్యా, చుక్కల మందైతే షాపులో దొరుకుతుంది. నిశ్చింత ఏ షాపులో అమ్ముతారు? అంతకుముందు నాకు కళ్ళ గురించే టెన్షన్. ఇప్పుడు టెన్షన్ పడుతున్నానేమోనన్న టెన్షన్ కూడా వచ్చి చేరింది. నిద్ర పట్టకపోతే ప్రెషరు పెరుగుతుందన్న బెంగతో నిద్ర పట్టేది కాదు. పొద్దున లేవగానే గోడ క్యాలెండరు ముందు నిలబడి, ఒక కన్ను మూసి సెలవులు, రెండో కన్ను మూసి పండగలు చదువుకునేవాణ్ణి. సర్వేంద్రియాణాం నయనం ప్రధానం అన్నారు పెద్దలు. నా విషయంలో సర్వేంద్రియాణాం భయం ప్రధానం.

నవ్వులాటకు చెబుతున్నాను గానీ ఆ భయం నిజమైనదే. బోర్డు మీద నేను రాసిన లెక్క నాకే కనిపించని రోజు వస్తే? మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. అది ఎదుగుతుంటే దాని మొహం ఎలా మారుతుందో చూడలేనా? ఈ ఆలోచన వచ్చిందంటే కంచం ముందు నుంచి లేచి మళ్ళీ క్యాలెండరు దగ్గరకు వెళ్ళేవాణ్ణి.

అలాంటి మనిషిని నోరు మూసుకుని ఉండమంటే ఉంటాడా? ఆదివారం చర్చిలో “ప్రార్థన మనవులున్నవాళ్ళు చెప్పండి” అనగానే, మా ఆవిడ సుగుణ చొక్కా పట్టుకుని లాగుతున్నా లేచి నిలబడ్డాను. నేను చెప్పాల్సింది, శుక్రవారం కంటి పరీక్ష ఉంది, ప్రార్థన చేయండి అని. నేను చెప్పింది వేరు.

“ప్రియులారా! ఈ కళ్ళతో మిమ్మల్ని ఇంకెన్నాళ్ళు చూస్తానో...” అన్నాను. అక్కడితో ఆపి కూర్చుండిపోయాను. మిగతా వాక్యాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు పూర్తి చేసుకున్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు జారితే ఊరంతా ఇంటికొస్తుంది. సాయంత్రానికి మా వరండాలో చెప్పులు విడవడానికి చోటు లేదు. కంటికి మంచిదని వచ్చినవాళ్ళంతా పొన్నగంటి కూర తెచ్చారు. పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పచ్చడి. “నాన్నా, నీ కళ్ళు బాగయ్యేలోపు నా నాలుక చచ్చిపోయేట్టుంది” అని మా అమ్మాయి మొత్తుకుంది. సుగుణ వాళ్ళ పిన్ని మరియమ్మ అయితే, నాకు వచ్చింది కంటి జబ్బో చెముడో మరిచిపోయి చెవి దగ్గర కేకేసింది.

“అబ్బాయ్! నేను! మరియమ్మని!”

“కనిపిస్తున్నావు పిన్నీ.”

“పాపం, గొంతుబట్టి పోల్చుకుంటన్నాడే!” అని సుగుణ మీద పడి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని నాకు ధైర్యం చెప్పింది. “దిగులు పడమాకు. మా ఆడపడుచు మామగారిక్కూడా ఇట్టాగే వచ్చింది.”

“తగ్గిందా పిన్నీ?”

“ఆయన పోయాడుగా.”

“కళ్ళ వల్లా?”

“కాదులే, ముసలితనం. పోయేనాటికి మాత్రం ఏమీ కనపళ్ళేదు.”

పక్కింటి శాస్త్రిగారు శివాలయంలో పూజారి. ఆయన ప్రహరీ గోడ మీదుగా, “యాకోబు గారూ, మీ పేరున అర్చన చేశానండి. గోత్రం తెలియక మా గోత్రమే చెప్పాను. ఏం అనుకోరుగా?” అన్నారు. అనుకోవడమా! నేనున్న స్థితిలో ఎవరి గోత్రమైనా సంతోషమే.

పలకరించడానికి వచ్చినవాళ్ళు తలా ఒక కథ చెప్పి వెళ్ళేసరికి నా భయం రెట్టింపయ్యేది. గోరుచుట్టు మీద రోకటి పోటులా, బుధవారం మా చర్చి సంఘపెద్ద దేవదానం గారు వచ్చారు.

“మాస్టారూ, శుక్రవారం మీ కోసం ఉపవాస ప్రార్థన పెట్టాం. ఇక్కడ కాదు, బాపట్ల ఆస్పత్రి దగ్గరే. మేమూ వస్తన్నాం.”

“ఎంతమందండి?”

“తక్కువేలెండి. రాలేనోళ్ళు రావట్లేదు.”

“అది ఆపరేషన్ కాదండి, ఊరికే పరీక్ష.”

“పరీక్ష పోతేనేగా ఆపరేషన్! ఇంకో మాట. కోటూ టై వేసుకురండి. మనం అడ్డదిడ్డంగా ఎల్తే డాక్టరు గారు కూడా అట్టాగే చూస్తారు.”

ఆ పెళ్ళినాటి కోటూ, దాని లోపలి చొక్కా నేను సన్నగా ఉన్న రోజుల నాటివి. చొక్కా మెడ గుండీ పెట్టడానికి సుగుణ చేతులు చాలక అమ్మాయిని కూడా పిలిచింది. దాని మీద టై. అద్దంలో చూసుకుంటే మూతి బిగించి కట్టిన ధాన్యం బస్తాలా ఉన్నాను.

రేపల్లెలో రైలెక్కి, బాపట్ల బండి కోసం తెనాలిలో దిగాం. దేవదానం గారు ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. “మీకు ఉపవాసం లేదు. మీరు తినాల.” మిగతావాళ్ళంతా పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నా చుట్టూ గుండ్రంగా నిలబడి, నేను తుంచిన ప్రతి ముక్కనూ చట్నీ పొట్లం దగ్గర్నుంచి నోటిదాకా చూపులతో సాగనంపారు. ఇడ్లీ రుచి ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

“పెళ్ళివారా అండి?” అని పక్కనున్నాయన అడిగాడు.

“కాదండి, కంటి పరీక్షకి” అన్నారు దేవదానం గారు.

ఆయన మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసి, “అందరికీ ఒకేసారి వచ్చిందా అండి?” అన్నాడు.

బాపట్లలో ఆస్పత్రి ఆవరణలో మా సంఘం చాపలు పరిచి ప్రార్థన మొదలుపెట్టింది. నేను లోపల యంత్రం మీద గడ్డం ఆనించి కూర్చున్నాను. నీలం దీపం కంటి మీదికి వస్తోంది. కిటికీలోంచి “ప్రభువా! మా అబ్బాయి చూపు!” అని మరియమ్మ పిన్ని ఏడుపు వినిపిస్తోంది. డాక్టరమ్మ చూసి వెనక్కి జరిగారు.

“అయ్యో, ఇంకా పెరిగిందే!”

ఆపరేషనేనా అండి అని అడగడానికి నోరు తెరిచాను. మాట బదులు సైకిలు ట్యూబు పేలినట్టు బుస్సుమని గాలి బయటికొచ్చింది.

“ఏంటది మాస్టారూ?”

“ఊపిరండి.”

“ఇప్పటిదాకా బిగబట్టారా?”

“మిషన్ ముందు ఊపిరి తీయకూడదు కదండి?”

“ఎవరు చెప్పారు మీకు?”

చెప్పాను. ఉద్యోగంలో చేరేముందు ఛాతీకి ఎక్స్‌రే తీయించుకున్నాను. అక్కడాయన “ఊపిరి బిగబట్టు! కదలొద్దు!” అని ఒక కేక వేశాడు. అప్పటి నుంచి ఏ యంత్రం ముందు కూర్చోబెట్టినా, వదలమనేదాకా నేను ఊపిరి వదలను. కంటి యంత్రం దగ్గర వదలమన్నవాళ్ళు లేరు. భయం పెరిగేకొద్దీ మరింత గట్టిగా బిగబడుతూ వచ్చాను.

డాక్టరమ్మ నా మెడకేసి చూశారు. “ఆ టై ఎవరు బిగించారండి?”

“ఇంటిల్లిపాదీ అండి.”

ఆవిడ కుర్చీ వెనక్కి తిప్పుకుని మరీ నవ్వారు. “మెడ బిగించి, ఊపిరి బిగబట్టి, కళ్ళు గట్టిగా నొక్కిపట్టుకుంటే, ఉన్నదాని కంటే ఎక్కువే చూపిస్తుందండి. ముందు అది విప్పండి. కాసేపు అలా కూర్చుని రండి.”

రెండోసారి చూసేటప్పుడు ఆవిడ నెమ్మదిగా “పీల్చండి... వదలండి...” అంటూనే ఉన్నారు. చంటిపిల్లాడికి నేర్పినట్టు నాకు ఊపిరి తీయడం నేర్పారు. చూసి, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

“మందు బాగానే పనిచేస్తోంది మాస్టారూ. ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదు. చుక్కలు మానొద్దు, పరీక్షకు రావడం మానొద్దు. భయపడితే నిద్ర పట్టదు, ఒళ్ళు బిగుస్తుంది, ఉన్న జబ్బుకు లేని జబ్బు తోడవుతుంది. అదొక్కటీ తగ్గించుకోండి.”

నేను బయటికొచ్చి “ఆపరేషన్ లేదు!” అనగానే “స్తోత్రం!” అని ఆస్పత్రి అదిరిపోయింది. దేవదానం గారు నా చెయ్యి పట్టుకుని చాపల మధ్యకు తీసుకెళ్ళారు.

“ప్రెషరు ఎట్టా తగ్గింది మాస్టారూ? గట్టిగా చెప్పండి, అందరూ వినాల.”

ఒక్క క్షణం తటపటాయించాను. ఎండలో కడుపు మాడ్చుకుని కూర్చున్న మనుషులు. ఏదో ఒక అద్భుతం చెప్పేస్తే పోయేది. కానీ లెక్కల మాస్టార్ని, జవాబు ఎలా వచ్చిందో చూపించకపోతే మనసొప్పదు.

“ఊపిరి పీల్చానండి” అన్నాను.

“అంటే?”

“ఇన్నాళ్ళూ బిగబట్టి కూర్చున్నానండి. అందుకే ఎక్కువ చూపించింది.”

మరియమ్మ పిన్ని నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. దేవదానం గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూశారు.

“మరి ఆ ఊపిరి ఇచ్చిందెవరు మాస్టారూ?”

అని, ముందుగా ఆయనే పగలబడి నవ్వారు. తర్వాత అందరూ.

తిరుగు రైల్లో ఉపవాసం విడిచి పులిహోర పొట్లాలు విప్పారు. అందరూ ముందు నాకు పెట్టి తర్వాత తిన్నారు. కూలి మానుకుని వచ్చినవాళ్ళున్నారు, సెలవు పెట్టి వచ్చినవాళ్ళున్నారు. నా భయం వెర్రిదే కావచ్చు, వాళ్ళు రావడం వెర్రి కాదు. ఒక్కొక్క మొహాన్నీ తనివితీరా చూసుకున్నాను. నాకు ఇంతమంది ఉన్నారని ఆ రోజుదాకా నాకు తెలియదు.

“నీళ్ళు కారుతున్నాయేంటండీ? మళ్ళీ మొదలైందా?” అని సుగుణ కంగారుపడింది.

“లేదు. వీళ్ళని చూస్తున్నాను” అన్నాను.

దేవుడి దయ వల్ల, డాక్టరమ్మ చలవ వల్ల ఈనాటికీ బోర్డు మీద నా లెక్క నాకు కనిపిస్తోంది. అందుచేత, డాక్టరు ఒక మాట చెప్పకముందే చర్చిలో లేచి వణికే గొంతుతో పది మాటలు చెప్పననీ, నాకు ఏ పరీక్ష ఉన్నా ఆ కబురు ఇంటి గడప దాటనివ్వననీ నిండు మనసుతో ప్రమాణం చేశాను. మొన్న పన్ను నొప్పి వచ్చింది. ప్రమాణం ప్రకారం సుగుణకు తప్ప ఎవరికీ చెప్పకుండా, దవడకు రుమాలు అడ్డం పెట్టుకుని, తెనాలి వెళ్ళడానికి స్టేషన్‌కు చేరాను. ప్లాట్‌ఫారం మీద సంచీతో దేవదానం గారు నిలబడి ఉన్నారు. సుగుణ ఫోన్ చేసిందట.

“కంగారు పడకండి మాస్టారూ. పంటికి అంతమంది ఎందుకని నేనొక్కణ్ణే వచ్చాను” అన్నారు.

నేను ప్రమాణానికి కట్టుబడే ఉన్నాను. వీళ్ళే దాన్ని నిలబెట్టుకోనివ్వడం లేదు. స్తోత్రం.