పదో మెట్టు మీద పడవల లెక్క

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే తొమ్మిదేళ్ల నాలుగు నెలల వయసులో, మా మామ్మ నన్ను మోసం చేస్తోందని తెలిసి నిర్ఘాంతపోయాను.

రాజమండ్రిలో మా వీధి చివరి రేవుకు ముప్పై మెట్లు. రోజూ పొద్దున్నే మామ్మ గోదావరి స్నానానికి వెళ్లేది, తోడు నేను. ఎక్కి వచ్చేటప్పుడు పదో మెట్టు దగ్గర నన్ను నదివైపు తిప్పి పడవలు లెక్కపెట్టమనేది. ఇరవయ్యో మెట్టు దగ్గర వంతెన మీద గూడ్సు బండి పెట్టెలు. బండి లేకపోతే వచ్చేదాకా నిలబడేవాళ్లం. నేను ఏ అంకె చెప్పినా సరిగ్గా చెప్పావనేది. మా లెక్కల మాస్టారు కూడా నాకంత మర్యాద ఇవ్వలేదు.

అదే అనుమానం తెచ్చింది. ఒకరోజు ఏడు పడవలుంటే నలభై అన్నాను. సరిగ్గా చెప్పావంది. గిరుక్కున తిరిగి చూశాను. మామ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి, కళ్లు మూసుకుని, ఒడ్డున పడ్డ చేపలా ఊపిరి లాగుతోంది. ఇన్నాళ్ల నా లెక్కలన్నీ ఆవిడ ఆయాసం తీరడానికేనా! ఆయాసం కన్నా అదే నన్ను ఎక్కువ కుదిపింది.

కళ్లు తెరిచి నా మొహం చూసింది. "మీ నాన్నకి చెప్పావంటే రేపట్నుంచి పెరట్లో గంగాళమే నాకు గోదారి" అంది మెల్లగా.

ఆ సాయంత్రమే నాన్న నన్ను పిలిచారు. మామ్మ మెట్ల మీద ఆగిపోతోందని పక్కింటి పిన్నిగారు చెప్పారట. నిజమేనా అని అడిగారు. గుమ్మం దగ్గర మామ్మ బియ్యం ఏరడం ఆపేసింది.

"ఆగేది నేను నాన్నా. పడవలు లెక్కపెడుతున్నాను."

పెద్దావిడని తడిబట్టలతో నిలబెడతావా అని నాకు చీవాట్లు పడ్డాయి. మామ్మ స్నానం మాత్రం సాగింది. మర్నాడు పదో మెట్టు దగ్గర ఆవిడ అడగకుండానే నదివైపు తిరిగాను.

ఇప్పుడు నాకు డెబ్బై మూడు. పూటకు మూడు మాత్రలు, మోకాళ్లకు రెండు పట్టీలు. మా అపార్టుమెంటు లిఫ్టు ఈ నెలలో నాలుగోసారి ఆగిపోయింది. మొన్న మనవరాలితో మెట్లెక్కుతూ పదకొండో మెట్టు దగ్గర, ఎదుటి గోడ మీద బల్లులెన్నో చూడమన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం చూసి నేనే ఉలిక్కిపడ్డాను.

అది గోడ చూడలేదు. నన్ను చూసింది. తర్వాత గోడవైపు తిరిగి, తీరిగ్గా నా ఊపిరి కుదుటపడేదాకా నిలబడి, "మూడు, మామ్మా" అంది.

గోడ మీద ఒక్కటీ లేదు. చాకలి పద్దులో ఒక్క జేబురుమాలు తేడా వచ్చినా ఊరుకోని మనిషిని నేను.

సరిగ్గా చెప్పావన్నాను.