ఐమో మాస్టారు ముట్టని బ్రేకు

లెహ్తోవారా ఊళ్ళో ఐమో కార్పినెన్‌ను అందరూ మాస్టారనే పిలుస్తారు. ముప్ఫై నాలుగేళ్ళు కారు నడపడం నేర్పిన మనిషి. బయట మైనస్ ఇరవై ఉన్నా, ఆయన పక్కన స్టీరింగు పట్టుకున్నవాళ్ళకు చెమటలు కారేవి. రిటైరై పదేళ్ళయినా పాఠాలు మానలేదు. వినే ఓపికే ఊరికి తగ్గింది.

ఆయన పాఠాలన్నిటికీ తలమానికం ఒకటుంది: చలికాలంలో చేతి బ్రేకు లాగకూడదు. లాగితే మంచుకు గడ్డకట్టి చక్రాలు పట్టేస్తాయి, బండిని గేరులో వదిలెయ్యాలి. ఇంతవరకూ ఎవరూ కాదనరు. కాకపోతే మాస్టారి చలికాలం ఆగస్టులో మొదలై జూన్ ఆఖరుకు ముగిసేది. మిగిలిన ఒక్క నెలకోసం అలవాటు మార్చుకోవడం దేనికని ఆ నెలా లాగడం మానేశారు. ఏడాదికోసారి బళ్ళ తనిఖీవాళ్ళు ఆ బ్రేకు లాగుతుంటే మొహం పక్కకు తిప్పుకునేవారు.

అలాంటి బండిలో ఫిబ్రవరిలో డాష్‌బోర్డు మీది బ్రేకు లైటు ఎర్రగా వెలిగింది, ఆరలేదు. ఏప్రిల్‌లో తనిఖీ. ఇరవై ఆరేళ్ళుగా ఆ బండి ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు తప్పితే ఊళ్ళో మాస్టారి మాటకు విలువేముంటుంది?

పెట్రోలు బంకులో కాఫీ బల్ల దగ్గర, పాల లారీ నడిపి రిటైరైన కలేవి సలహా ఇచ్చాడు. "బల్బు పీకి పారెయ్ మాస్టారూ. లైటూ ఉండదు, గొడవా ఉండదు."

"తాళం తిప్పగానే అది వెలగాలి. వెలగకపోయినా తప్పే. నీకు మూడుసార్లు చెప్పాను, పరీక్షలో మూడుసార్లూ తప్పు రాశావు," అన్నారు మాస్టారు.

ఆయన దగ్గరుండి బ్రేకు ఆయిలు మార్పించారు. లైటు ఆరలేదు. ప్యాడ్లు కొత్తవి వేయించారు. ఆరలేదు. ఆయిలు డబ్బా మీది సెన్సరు తీగ ఊడదీసి చూశారు. అప్పుడూ వెలుగుతూనే ఉంది.

"ఆ చేతి బ్రేకు సంగతేమో చూడరాదూ?" అంది భార్య సైమి.

"నేను ముట్టని వస్తువు ఎలా చెడిపోతుంది సైమీ? వాడితే కదా అరిగేది!"

సైమి అల్లిక అందుకుంది.

ఏప్రిల్‌లో సైమిని వెంటబెట్టుకుని తనిఖీకి వెళ్ళారు. అక్కడ తనిఖీ చేసే మార్యట్టా ఆయన శిష్యురాలే. కారులోకి వంగి, చేతి బ్రేకును అరచేత్తో కిందికి గట్టిగా నొక్కింది. లైటు ఆరింది. చెయ్యి తీసింది. బ్రేకు వేలెడు పైకి లేచింది, లైటు మళ్ళీ వెలిగింది.

"వాడకపోవడంతో కేబులు తుప్పుపట్టి బిగుసుకుంది మాస్టారూ. ఎవరో లాగారు, అది మళ్ళీ పూర్తిగా కిందికి దిగలేదు."

"ఈ బండిలో దాన్ని లాగేవాళ్ళు లేరు."

"నేనే లాగాను," అంది సైమి.

మాస్టారు ఆమెవైపు తిరిగారు.

"ఫిబ్రవరిలో, అక్కయ్య ఉంటున్న వృద్ధాశ్రమం దగ్గర. నాకు చలేస్తుందని ఇంజను ఆపకుండా, న్యూట్రల్‌లోనే వదిలేసి లోపలికెళ్ళావు. బండి వాలుమీద చెరువువైపు జారింది. రెండు చేతులతో లాగాను. నువ్వొచ్చేలోపు బండిని వెనక్కి తెచ్చి గేరులో ఆపి, బ్రేకు దించేశాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే ఇంటిదాకా పాఠం చెప్పేవాడివి. నలభై కిలోమీటర్లు."

మార్యట్టా నవ్వు ఆపుకోలేకపోయింది. "మీకో మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ఏటా వసంతంలో ఈ జబ్బుతోనే ముప్ఫై నలభై బళ్ళొస్తాయి, అన్నీ మీ శిష్యులవే. మా ఆఫీసులో దీన్ని కార్పినెన్ జబ్బంటాం." బండి తప్పిందని కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టింది.

బయటికొచ్చాక మాస్టారు తాళం తిప్పలేదు. "చెరువు ఇంకెంత దూరం ఉండింది?" అని అడిగారు చివరికి.

"ముందు చక్రాలు చెరువు మీది మంచుగడ్డ ఎక్కేశాయి."

ఆయనకు భయం వేసింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఎంతమంది శిష్యుల భార్యలు, ఎంతమంది పిల్లలు ఏ వాలు మీద బండిలో కూర్చుని ఉండేవారో అని వేసిన భయం అది. సైమి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు పొద్దున బంకులో బల్ల నిండుగా ఉంది. మాస్టారు టోపీ తియ్యకుండానే అన్నారు: "చేతి బ్రేకు వారానికోసారైనా లాగండి. వాలు మీద ఆపితే ఎప్పుడైనా సరే లాగండి."

"మాస్టారూ, లాగొద్దని మాకు నేర్పింది మీరే కదా?" అన్నాడు కలేవి.

"తప్పు నేర్పాను."

ఎవరూ నవ్వలేదు. ఆ బల్ల దగ్గర అలాంటి మాట అంతకుముందు ఎవరి నోటా వినపడలేదు. కలేవి లేచి, పక్కనున్న కుర్చీ మాస్టారి కోసం వెనక్కి లాగాడు.