సున్న పెట్టమన్నాడు మా అన్న

మా అన్న చెయ్యి పెద్దది. అది నా చెంప మీద పడ్డాక చెవిలో చాలాసేపు హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఇదంతా ఒక్క సున్న కోసం.

కోలారు దగ్గర శ్రీనివాసపురంలో మేమిద్దరం కలిసి మామిడి మండి పెట్టాం. తెల్లారితే ప్రారంభం అనగా, కేజీఎఫ్‌లో చెక్కించిన అల్యూమినియం బోర్డు వచ్చింది. చెక్కిన అక్షరాలదీ రేకుదీ ఒకటే రంగు. ఎండలో పట్టి చూస్తే తప్ప కనబడటం లేదు. ఫోటో తీసి అన్నకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"బోర్డుకి సున్న పెట్టలేదు గదప్పా! జనం నవ్వుతారు. పొద్దున్నకంతా పెట్టించు."

పక్కనే కన్నడం ఉన్న మా నాలుకలకు గోడకు కొట్టే సున్నం కూడా సున్నే. తెల్లగా ఉంటే అక్షరాలు కనబడతాయి, నిజమే అనుకున్నాను. మండి గోడల కోసం కలిపిన సున్నం బకెట్‌లో ఉంది. వేలితో తీసి గాట్లలో కూరి, పైన తడిగుడ్డతో తుడిచాను. అక్షరాలు తెల్లగా తేలాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తెల్లారేసరికి సున్నం రేకును తినేసింది. అక్షరాల చుట్టూ నల్లటి మచ్చలు, పొక్కులు. కొనుగోలుదార్లతో వచ్చిన అన్న పైకే చదివాడు: "మామిడి మడి." 'మండి'లో సున్న లేదు. అతను పెట్టించమన్నది ఆ సున్న.

"అక్షరం దిద్దించమంటే గోడకి పూసినట్టు పూసినావా? సున్నంలోకి ఎముక లేకుండా కొడతా నిన్ను!"

కొట్టాడు. నేనూ ఊరుకునే రకం కాదు. బోర్డు ఎత్తి మొహాన కొట్టాను, పెదవి చీలింది. అన్న నెత్తురు ఉమ్మి, బకెట్ ఎత్తి నా మీద గుమ్మరించాడు. కుడికన్ను భగ్గుమంది. నేను నేల మీద దొర్లుతుంటే, కంట్లో నీళ్ళు కొడుతూ నాకంటే గట్టిగా అరిచింది అన్నే.

బోర్డు మళ్ళీ చేయించాం. ఈసారి దుకాణంవాడే గాట్లలో తెల్ల ఎనామిల్ రంగు నింపి, పైన అంటింది అట్టముక్కతో గీకేసి, ఆరబెట్టి ఇచ్చాడు. సున్న కూడా ఉంది. నా కంట్లో మాత్రం పువ్వు మిగిలింది.

కోలారులో కంటి ఆసుపత్రికి అన్నే తీసుకెళతాడు. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నా మంచి కన్ను అరచేత్తో మూసి, మొహం దగ్గరగా పెడతాడు.

"నేను కనిపిస్తా ఉండానా అప్పా?"

ఈమధ్య కుడికంటికి అతని పెదవి మీది కుట్టు కూడా మసకమసకగానైనా కనబడుతోంది. నాకు కోపం ఇంకా తగ్గలేదు.

"లేదన్నా" అంటాను.