గ్లౌజుల ఉదయభాస్కర్ గారు

కడియం నర్సరీల మధ్య ఉన్న ఆ చిన్న ల్యాబ్‌లో చేరి ఏడాది కావస్తున్నా, ప్రిస్కిల్లా తన పైఅధికారి ఉదయభాస్కర్ గారి చేతులు చూసి ఎరగదు. ఆయనకు గ్లౌజుల పిచ్చి. ప్రయోగం చేసేటప్పుడు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఈయన హోటల్లో పెసరట్టు కూడా గ్లౌజులతోనే తుంచేవారు. ల్యాబ్ వాళ్లంతా కలిసి వెళ్లిన ఒక పెళ్లిలోనైతే, అక్షింతలు రబ్బరుకే అతుక్కుపోయి వధూవరుల మీద ఒక్క గింజ రాలలేదు. పాపం, ఆయన ఉత్తుత్తిగా చేతులు ఊపి ఆశీర్వదించి వచ్చేశారు.

తొలిరోజే ప్రిస్కిల్లా చేతిలో నీలం గ్లౌజుల పెట్టె పెట్టారు.

"గుమ్మం దాటితే ఇవి ఉండాలమ్మా. టీ తాగేటప్పుడు కూడా."

"టీకి కూడానా అండీ?"

"మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటే ఏంటనుకున్నావు? ఫలానా ప్రొటీను తయారుచెయ్యమని కణంలో కబురు మోసుకెళ్లేది. దానిది అల్పాయుష్షు. పనయ్యాక కణమే దాని తోక కొరికి కురచ చేస్తుంది, నెత్తిన టోపీ ఊడబీకుతుంది, ముక్కలు చేసి పారేస్తుంది. ఇక ఆ కబురు పనికిరాదు. అంతవరకూ న్యాయమే. కానీ దాన్ని నమిలేసే ఎంజైములు మన వేళ్ల మీదా ఉన్నాయి! ముట్టుకున్నావా, పని కాకముందే హరీ!"

"టీ గ్లాసులో మన ప్రయోగమేం లేదు కదండీ?"

"అలవాటు తప్పకూడదమ్మా!"

కోసిన మల్లెమొగ్గ వాడిపోయేటప్పుడు ఏ కబుర్లు ముందు చెరిగిపోతాయో తేల్చడం వాళ్ల పని. మొగ్గలిచ్చే నర్సరీ యజమాని గణేష్‌బాబు ఒకనాడు ముచ్చటపడి, "ఇదేనాండీ ఆర్‌ఎన్‌ఏ?" అంటూ గొట్టంలో వేలు పెట్టాడు. పరీక్షించి చూస్తే స్పష్టమైన గీతలు రావలసిన చోట మసక తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత మల్లెమొగ్గల బుట్ట దించేవాళ్లకూ గ్లౌజులే, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకూ గ్లౌజులే.

ప్రిస్కిల్లా చాటుగా నవ్వుకునేది కానీ, లోలోపల ఆ పిచ్చికి దణ్ణం పెట్టుకునేది. ఆమె వేళ్ల మీద బొల్లి మచ్చలు. వెనకటి ఉద్యోగంలో ఆమె ముట్టుకున్న గ్లాసును పక్కకు జరిపేవారు. ఇక్కడ అందరివీ నీలం వేళ్లే.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన భార్య సూర్యకళ క్యారియర్ తెచ్చింది. ఆయన లోపల మొగ్గలు తూస్తున్నారు.

"ఏమ్మా, నువ్వయినా చెప్పు. ఆయన చేతుల నిండా చెమటకాయలే. నిరుడు ఇదే రోజుల్లో గ్లౌజులు బల్ల దగ్గరే వదిలేసి వచ్చేవారు."

"ఇంట్లో కూడా వేసుకుంటారు కదండీ?"

"ఇంట్లోనా! ఆవకాయ కూడా వట్టి చేత్తోనే కలుపుతారు. ఇంటర్వ్యూకొచ్చిన పిల్లెవరో మంచినీళ్ల గ్లాసు కూడా చున్నీ చాటు చేసి పట్టుకుందట. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు. మర్నాటి నుంచే..."

అంటూనే సూర్యకళ చూపు ప్రిస్కిల్లా నీలం గ్లౌజుల మీద పడింది. నాలిక కరుచుకుని, "పులుసు చల్లారిపోతుంది, తినమని చెప్పమ్మా" అని గబగబా వెళ్లిపోయింది.

సాయంత్రం ప్రిస్కిల్లా వట్టి చేతులతో టీ తెచ్చింది. ఉదయభాస్కర్ గారు ఆమె చేతులు చూశారు, వెంటనే చూపు కిటికీ వైపు తిప్పుకున్నారు.

"ఉక్కగా ఉందండీ. మీరూ తీసెయ్యండి సార్."

"మరి బల్ల దగ్గర..."

"బల్ల దగ్గర వేసుకుందామండీ."

ఆయన రెండు గ్లౌజులూ చర్రున లాగి బుట్టలో పడేసి, ఎర్రగా కమిలిన చేతులు రెండూ కసితీరా గోక్కోవడం మొదలుపెట్టారు. కళ్లు మూతలు పడ్డాయి.

"టీ చల్లారిపోతోంది సార్."

"చల్లారనీ తల్లీ," అన్నారు కళ్లు తెరవకుండానే, "ముందిది కానీ!"